రిమోట్ సెర్చ్‌లైట్: ల్యూమెన్లు చూసి కొనాలా?

నీటిదారి: మాది 12 వోల్టుల పడవ. కేబిన్‌లో కూర్చునే తిప్పుకునేలా సెర్చ్‌లైట్ పెట్టాలి. ల్యూమెన్లు ఎక్కువుంటే చాలంటున్నారు. వాడినవాళ్లు చెప్పండి. జీపుకి కూడా అదే పనికొస్తుందా?

లంగరు: క్యాండెలా ఎంతో అడగండి. ల్యూమెన్లు మొత్తం వెలుగు లెక్క. అది ఒకవైపు ఎంత గట్టిగా పోతుందో చెప్పేది క్యాండెలా. లక్ష క్యాండెలా లైటు 316 మీటర్ల దూరంలో 1 లక్స్ ఇస్తుంది, లక్స్ అంటే ఒకచోట పడే వెలుగు కొలత. నిండు పున్నమి వెన్నెల సుమారు పావు లక్సే. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది.

డెక్‌మీద: అంతకన్నా ముఖ్యం ఎక్కడ బిగిస్తారన్నది! కేబిన్ కప్పు మధ్యలో పెడితే వెలుగు ముందున్న రెయిలింగు మీద, తెల్లటి డెక్ మీద పడి తిరిగి కళ్లలో కొడుతుంది. చీకటికి అలవాటుపడ్డ చూపు పోతే మళ్లీ సర్దుకోవడానికి అరగంట దాకా పడుతుంది. వీలైనంత ముందుకు, అణియం వైపు బిగించండి. పొగమంచులో మాత్రం ఎంత మంచి లైటైనా ఎదురుగా తెల్లగోడ కట్టినట్టే, ఆపేయడమే మేలు. ఇంకోటి, అయస్కాంతం బేస్ ఉన్నది దిక్సూచి దగ్గర పెట్టొద్దు.

వైరింగ్ బాబాయి: 100 వాట్ల హాలోజెన్ 12 వోల్టుల మీద 8 ఆంపియర్లకు పైనే లాగుతుంది. సన్నవైరు వేస్తే వోల్టేజీ దారిలోనే పడిపోయి బల్బు ఎర్రగా, మసకగా వెలుగుతుంది. వైరు పొడవు రానుపోను లెక్కేసి, లావు ఎంచుకోండి. ఫ్యూజ్ బ్యాటరీ పక్కనే ఉండాలి. ఎల్‌ఈడీ అయితే కరెంటు తక్కువే, కానీ దాని లోపల కరెంటు సర్దే డ్రైవరు సర్క్యూట్ నాసిరకమైతే, పడవల మధ్య మాట్లాడుకునే వీహెచ్ఎఫ్ రేడియోలో గరగర తెస్తుంది. లైటు వేసి, ఆపి, రేడియో వినిచూడండి.

మట్టిరోడ్డు: జీపులో వాడుతున్నాను. పనికొస్తుంది, కానీ కుదుపులకి నట్లు వదులవుతాయి, లాక్ వాషర్లు వేయండి. లైటు తల చేత్తో తిప్పొద్దండీ, లోపలి గేరు పళ్లు విరుగుతాయి. కొమ్మ తగిలే చోటైతే రోడ్డెక్కేముందు కిందికి వాల్చేయండి. మామూలు రోడ్డు మీద ఎదుటివాళ్ల కళ్లలో కొట్టడం ప్రమాదం, దయచేసి ఆపేయండి.

లంగరు: నీళ్లలోనూ అంతే. 1972 నాటి అంతర్జాతీయ నౌకా నియమాల్లో 36వది, ప్రమాదం ఉన్న దిక్కుకి సెర్చ్‌లైట్ చూపి హెచ్చరించొచ్చంటుంది, అదీ ఏ ఓడకీ ఇబ్బంది కాకుండానే.

నీటిదారి: వైర్‌లెస్ రిమోటా, వైరుదా?

డెక్‌మీద: రెండూ ఉన్నది తీసుకోండి. మనిషి నీళ్లలో పడ్డప్పుడు రిమోట్ బ్యాటరీ అయిపోతే ఎలా? గోడకి బిగించిన ప్యానెల్ చేతికందేచోటే ఉంటుంది. లైఫ్ జాకెట్లకి మెరిసే టేపు కూడా ఉందో లేదో చూసుకోండి, వెలుగు తగలగానే దూరం నుంచే కనబడేది అదే.