కుసత్సు వెళ్ళినప్పుడు అందరూ ఆ స్నానానికి దిగాల్సిందేనా?

నిషికసాయి కుర్రాడు:

ఫిబ్రవరిలో ఒక శనివారం టోక్యో నుంచి నలుగురం వేడినీటి బుగ్గల ఊరు కుసత్సు వెళ్ళొచ్చాం. నలుగురిదీ ఒకే ఆఫీసు, ముగ్గురిదైతే కాలేజీ కూడా ఒకటే. వచ్చి మూడు వారాలైంది. ఒక విషయం మాత్రం మా మధ్య ఇంకా తెగలేదు. జపాన్‌లో ఉన్న మనవాళ్ళు ఏమంటారో విందామని ఇక్కడ పెడుతున్నాను.

వెళ్ళనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఉఎనోలో కుసత్సు-షిమా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రెండున్నర గంటల్లో నగనోహర-కుసత్సుగుచి స్టేషన్ వస్తుంది. అక్కడి నుంచి బస్సులో అరగంట కూడా పట్టదు. ఊరు 1,200 మీటర్ల ఎత్తున ఉంది. బస్సు దిగగానే ఒక పక్క మంచు, ఇంకో పక్క గంధకం వాసన. ఊరి నడిమధ్య యుబతకె ఉంటుంది, అంటే వేడినీళ్ళ పొలం. నిమిషానికి సుమారు 4,000 లీటర్ల నీళ్ళు భూమిలోంచి ఉబికి, వరసగా పరిచిన చెక్క కాలువల్లో పారుతూ చల్లబడతాయి. కాలువల అడుగున పేరుకున్న గంధకపు పొడిని గీకి ఎండబెట్టి అమ్ముతారు. రాత్రి దీపాల వెలుగులో ఆ ఆవిరి లేస్తుంటే కదలబుద్ధి కాలేదు.

ఇక గొడవ సంగతి. సాయంత్రం స్నానశాల గుమ్మం దాకా వెళ్ళాక మావాడొకడు ఆగిపోయాడు. "మీరు వెళ్ళండ్రా, నేను బయట కూర్చుంటా" అన్నాడు. ఇక్కడ ఒంటి మీద నూలుపోగు లేకుండా దిగాలన్న సంగతి వాడికి ముందే తెలుసు. పది నిమిషాలు బతిమాలాం. ఒకడు "ఇంత దూరం వచ్చి ఇదేం చాదస్తంరా" అనేశాడు. వాడు మారు మాట్లాడకుండా యుబతకె పక్కన కాళ్ళు ముంచుకునే తొట్టి దగ్గరికి వెళ్ళిపోయాడు. మేం తిరిగొచ్చేసరికి గంటన్నర అయింది. వాడి జాకెట్ భుజాల మీద మంచు పేరుకుని ఉంది. ఆ రాత్రి భోజనాల దగ్గర వాడు పెద్దగా మాట్లాడలేదు.

నలుగురికీ కలిపి గంటసేపు ప్రైవేట్ బాత్ బుక్ చేసి ఉండాల్సిందని నా అభిప్రాయం. ఖర్చు కాస్త ఎక్కువైనా ఎవరూ బయట మిగిలిపోయేవారు కాదు. మిగతా ఇద్దరూ "ఆ నీళ్ళలో దిగలేనివాడు ఆ ఊరికి రాకూడదు" అంటున్నారు. మీరేమంటారు?

పాత టోక్యో:

పంతొమ్మిదేళ్ళుగా ఇక్కడే ఉన్నాను. మీ ఇద్దరు స్నేహితుల మాట కటువుగా ఉన్నా అందులో విషయం ఉంది.

కుసత్సు నీళ్ళ గురించి ఆ ఊరివాళ్ళు పడే శ్రద్ధ చూడండి. నీళ్ళు భరించలేనంత వేడిగా వస్తాయి. చన్నీళ్ళు కలిపితే పని సులువే, కానీ నీటి గుణం పోతుందని కలపరు. అందుకే సుమారు 180 సెంటీమీటర్ల పొడవున్న చెక్క పలకలతో నీళ్ళను అటూ ఇటూ తిరగేసి చల్లార్చే పద్ధతి పుట్టింది. దాన్నే యుమొమి అంటారు. యుబతకె పక్కన నెత్సునోయు అనే భవనంలో ఇప్పటికీ చేసి చూపిస్తారు. బక్కెట్ చన్నీళ్ళు కలపడానికే ఒప్పుకోనివాళ్ళు, సబ్బు వాసన వదలని నిక్కర్లు వేసుకుని దిగుతామంటే ఎలా ఒప్పుకుంటారు? ముందు చిన్న పీట మీద కూర్చుని ఒళ్ళంతా రుద్ది కడుక్కోవాలి, ఆ తర్వాతే తొట్టిలో దిగాలి. చేతిలో ఉన్న చిన్న తువ్వాలు కూడా నీళ్ళకు తగలకూడదు, మడిచి నెత్తిన పెట్టుకుంటారు. అక్కడ ఎవరూ ఎవరి ఒంటినీ చూడరు.

బట్టలతోనే దిగాలనుకుంటే హకొనేలో యునెస్సన్ ఉంది, అక్కడ స్విమ్‌సూట్‌తో దిగే తొట్లు చాలా ఉన్నాయి. మీవాణ్ణి అక్కడికి తీసుకెళ్ళాల్సింది. కుసత్సుకు తీసుకెళ్ళి గుమ్మం దగ్గర వదిలేయడం మాత్రం బాగాలేదు.

గోదారి గట్టు:

పాత టోక్యో గారూ, నీళ్ళ శుభ్రత గురించి మీరన్నది ఒప్పుకుంటాను. నాకు నచ్చనిది "చాదస్తం" అన్న మాట.

మనం గుంపులో స్నానం చేయడం ఎరగని జాతి కాదు. పుష్కరాలకు లక్షల మంది మధ్య మునిగినవాళ్ళం. నా చిన్నప్పుడు మా రేవులో మగవాళ్ళంతా కలిసే స్నానం చేసేవాళ్ళు. అయితే ఒంటికి తుండుగుడ్డ ఉండేది. ఆ గుడ్డ తడిచి ఒంటికి అంటుకుపోయినా సరే, అది ఉండాల్సిందే. ముప్ఫై ఏళ్ళు అలా పెరిగిన ఒళ్ళు ఒక శనివారం సాయంత్రం పది నిమిషాల్లో మారిపోవాలంటే ఎలా?

జపాన్‌లో కూడా ఈ పద్ధతి ఎప్పుడూ ఒక్కలాగే లేదు. ఒకప్పుడు స్త్రీపురుషులు కలిసే స్నానం చేసేవారు. మెయిజీ చక్రవర్తి కాలంలో (1868 తర్వాత), పాశ్చాత్యులు ఏమనుకుంటారోనని, ప్రభుత్వం టోక్యో స్నానశాలల్లో దాన్ని నిషేధించింది. సిగ్గు ఎక్కడ మొదలవ్వాలో వాళ్ళకూ ఎవరో ఒకరు నేర్పినదే. అలాంటప్పుడు మనవాడి సిగ్గును మాత్రం ఎందుకు తప్పుపట్టాలి?

వరంగల్ ఆడబిడ్డ:

నేను దిగాలి అనే పక్షం, కానీ ఎవరినీ బలవంతపెట్టకూడదు.

మొదటిసారి ఆఫీసులో సీనియర్ అక్కతో వెళ్ళాను. బట్టలు మార్చుకునే గదిలో బుట్ట ముందు నిలబడి చాలాసేపు చున్నీ మడతపెడుతూ ఉండిపోయాను. ఆవిడ ఒక్క మాట అనలేదు, నన్ను చూడను కూడా చూడలేదు. "లోపల ఉంటాను" అని వెళ్ళిపోయింది. అలా వదిలేసింది కాబట్టే వెళ్ళగలిగాను. లోపల డెబ్బై ఏళ్ళ అవ్వలు, కాన్పు గీతలున్న తల్లులు, చంటిపిల్లలు, అందరూ ఉన్నారు. నా ఒళ్ళు కూడా వాటిలో ఒకటి, అంతే. బరువు గురించి నన్ను నేను తిట్టుకోకుండా గడిపిన గంట అదే.

అయితే ఆడవాళ్ళ వైపు నుంచి ఒకటి చెప్పాలి. నెలసరిలో ఉంటే దిగరు. స్నేహితులంతా గుమ్మం దగ్గర చుట్టుముట్టి "ఏమైంది, ఎందుకు రావు" అని అడిగితే ఏం చెప్పాలి? మగ స్నేహితులు కూడా ఉన్న గుంపైతే ఇంకా ఇబ్బంది. అందుకే "ఈ రోజు వద్దు" అంటే కారణం అడగకుండా సరే అనే గుంపుతోనే నేను ట్రిప్‌కు వెళ్తాను.

ఇంకో మాట, పెళ్ళైనవాళ్ళు మెట్టెలు తీసి వెళ్ళండి. నేను మరిచిపోయాను. గంధకం నీళ్ళకు వెండి నల్లబడుతుంది. బయటికొచ్చి చూసుకుంటే నా మెట్టెలు బొగ్గు రంగులో ఉన్నాయి. అత్తమ్మ ఇచ్చినవి, ప్రాణం ఉసూరుమంది.

చేతిమీద అమ్మ:

సిగ్గుపడేవాళ్ళ గురించే మాట్లాడుతున్నారు. దిగాలని ఉన్నా దిగనివ్వనివాళ్ళ సంగతేంటి?

నా ముంజేతి మీద తెలుగులో "అమ్మ" అని పచ్చబొట్టు ఉంది, అమ్మ పోయిన ఏడాది వేయించుకున్నాను. యకుజా ముఠాల వాళ్ళు ఒళ్ళంతా పచ్చబొట్లు వేయించుకుంటారు కాబట్టి, చాలా స్నానశాలలు ఏ పచ్చబొట్టునూ రానివ్వవు. 2013లో హొక్కయిడోలో న్యూజిలాండ్ మూలవాసి అయిన ఒక మావోరి మహిళను ముఖం మీద సంప్రదాయ పచ్చబొట్టు ఉందని ఆపేశారు, వార్తల్లో పెద్ద చర్చే జరిగింది. మా నాయనమ్మకు చేతుల నిండా పచ్చబొట్లు. ఆమె ఇక్కడికి వచ్చి ఉంటే ఆమెనూ ఆపేవాళ్ళే కదా అనిపిస్తుంది.

కొన్ని చోట్ల స్టిక్కర్ అంటించుకుంటే రానిస్తారు. కినొసకి అని ఇంకో వేడినీళ్ళ ఊరుంది, అక్కడి ఊరి స్నానశాలలు పచ్చబొట్టు ఉన్నా రానిస్తాయి. నేను ఇప్పుడు అక్కడికే వెళ్తున్నాను. నాలాంటివాళ్ళకు ప్రైవేట్ బాత్ విలాసం కాదు, చాలా ఊళ్ళలో ఉన్న దారి అదొక్కటే. కాబట్టి మొదటి పోస్టు పెట్టినాయనకే నా ఓటు.

శాకాహారి:

పనిలో పనిగా ఒక మాట. వెజ్ తినేవాళ్ళు బస బుక్ చేసేటప్పుడే చెప్పండి, అక్కడికి వెళ్ళాక చెబితే లాభం లేదు. కూరగాయల పులుసులో కూడా చేపతో చేసిన దషి (వంటలకు వాడే రసం) ఉంటుంది.

పాత టోక్యో:

పచ్చబొట్టు తమ్ముడి మాటకు నా దగ్గర జవాబు లేదు. అది నియమంలో ఉన్న లోపమే, స్నేహితుల తప్పు కాదు.

కానీ ప్రైవేట్ బాత్ గురించి ఒకటి అడుగుతాను. వెండి మెట్టెలు నల్లబడే నీళ్ళు, నిమ్మరసమంత పుల్లటి నీళ్ళు, గడ్డం గీసుకున్న చోట చురుక్కుమనిపించే నీళ్ళు. ఆ నీళ్ళు కలిసే ఏటికి పులుపు ఎంత అంటే, దిగువన చేపలు బతకాలనీ, వంతెనల కాంక్రీటు తినేయకూడదనీ 1964 నుంచి సున్నపురాయి పొడి కలుపుతూనే ఉన్నారు. అలాంటి నీళ్ళ చుట్టూ ఊరంతా కలిసి కూర్చునే అలవాటు ఒకటి ఏర్పడింది. తలుపు గడియ వేసుకుని చేస్తే ఆ కలిసి కూర్చోవడం ఉండదు కదా?

బయట కూర్చున్నవాణ్ణి:

మొదటి పోస్టులో చెప్పింది నా గురించే. లింకు మా గ్రూపులో వాడే పెట్టాడు.

మీరంతా నా తరఫున, నాకు వ్యతిరేకంగా చాలా రాశారు. అసలు సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. నాకు బట్టలు విప్పడం గురించి టెన్షన్ లేదు. వీళ్ళ ముందు విప్పడం గురించే. సోమవారం పొద్దున ఈ ముగ్గురి పక్కనే కూర్చుని మీటింగ్‌లో మాట్లాడాలి. కాలేజీలో నన్ను "పుల్ల" అని పిలిచినవాళ్ళలో ఇద్దరు వీళ్ళే. ఒరేయ్, నువ్వు చెప్పిన ప్రైవేట్ బాత్ నాకు ఇంకా కష్టం. అక్కడ మీరు ముగ్గురే ఉంటారు, నేను ఒక్కణ్ణే.

ఆదివారం పొద్దున మీరింకా పడుకునే ఉన్నారు. నేను లేచి యుబతకె పక్కనున్న షిరహత-నో-యుకు వెళ్ళాను. చిన్న చెక్క స్నానశాల, డబ్బులు అడగరు, సబ్బూ షవరూ ఏమీ ఉండవు. పాలలా తెల్లటి నీళ్ళు, రెండు తొట్లు. నాతోపాటు ముగ్గురు ముసలివాళ్ళు ఉన్నారు. నేను నేరుగా దిగబోతుంటే ఒకాయన చెయ్యి అడ్డుపెట్టి, చెక్క గిన్నెతో నీళ్ళు ముంచి నెత్తిన పోసుకుని చూపించాడు. నేనూ అలాగే పోసుకున్నాను. వేడికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తర్వాత ఆయన నా నడుం వైపు చూపించి ఏదో అడిగాడు. అప్పుడు గుర్తొచ్చింది, నా ఒంటి మీద మొలతాడు ఉంది. నల్లదారం, మా అమ్మ కట్టింది. అది తీయమంటాడేమోనని భయమేసింది. వచ్చిన జపనీస్‌లో "ఒమమొరి" అన్నాను, రక్ష అని. ఆయన "ఆఁ" అని తలూపి, కాస్త జరిగి నాకు చోటిచ్చాడు. ఇంకేమీ అడగలేదు. మూడు నాలుగు నిమిషాలకు మించి ఉండలేకపోయాను. బయటికొచ్చాక మంచులో నడుస్తుంటే జాకెట్ జిప్ కూడా వేసుకోవాలనిపించలేదు.

"చాదస్తం" అన్నవాడికి కోపంతో ఇది చెప్పకుండా ఉండిపోలేదు. ఆ పొద్దున నా ఒక్కడిదే అనిపించి దాచుకున్నాను.

వరంగల్ ఆడబిడ్డ:

తమ్ముడూ, ఇది చదివాక మా సీనియర్ అక్క నన్ను ఎందుకు చూడకుండా వెళ్ళిపోయిందో ఇంకా బాగా అర్థమైంది. తను తెలిసిన మనిషి కాబట్టే అలా వెళ్ళింది.

గోదారి గట్టు:

పాత టోక్యో గారూ, మీరన్న కలిసి కూర్చోవడం ఇతనికి దొరికింది. స్నేహితులతో కాదు, ఆ ముసలాయనతో.

నిషికసాయి కుర్రాడు:

ప్రైవేట్ బాత్ మాట వెనక్కి తీసుకుంటున్నాను, కనీసం మా నలుగురి విషయంలో. నీకు సాయం చేద్దామనుకుని నిన్ను ఇంకా ఇరుకున పెట్టేవాణ్ణి.

"పుల్ల" అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. అది నీకు ఇన్నేళ్ళు గుర్తుంటుందని అనుకోలేదురా. క్షమించు.

ఆదివారం పొద్దున టిఫిన్ దగ్గర నీ జుట్టు తడిగా ఉండటం చూశాను. మంచులో తిరిగొచ్చావనుకున్నాను.