‘తెలుగు సమాంతర సినిమా ఉద్యమం’ అనొచ్చా? గైడ్ ఒప్పుకోవట్లేదు

ప్రశ్న:
ఫిల్మ్ స్టడీస్ ఎం.ఏ. డిసర్టేషన్ రాస్తున్నాను. ‘తెలుగులో సమాంతర సినిమా ఉద్యమం’ అని పేరు పెట్టాను (సమాంతర సినిమా అంటే వ్యాపార సినిమాకు పక్కగా నడిచిన వాస్తవిక సినిమా). తీసుకున్నవి నాలుగు: ఒక ఊరి కథ (1977), మా భూమి (1980), రంగుల కల (1983), దాసి (1988). మా గైడ్ ‘ఉద్యమం’ అన్న మాట చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి, పక్కన ‘ఎక్కడుంది?’ అని రాసిచ్చారు. పోనీ నియోరియలిజం (రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇటలీలో వచ్చిన వాస్తవిక సినిమా ధోరణి) అనేస్తే సరిపోతుందా?

జవాబు 1:
సరిపోతుంది. నిజమైన ఊళ్లు, మేకప్ లేని ముఖాలు, పేదోళ్ల కథ. ఇంకేం కావాలి?

జవాబు 2:
అలా రాస్తే ఇంకో సున్నా ఖాయం తల్లీ. నేను చిన్న ఊళ్లో కాలేజీ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాను, పదేళ్లు ఫిల్మ్ సొసైటీ నడిపాను. నాకు తెలిసింది చెప్తాను.

1968లో బెంగాలీ దర్శకుడు మృణాల్ సేన్, అరుణ్ కౌల్ కలిసి కొత్త సినిమా కోసం ఒక ప్రకటన రాశారు. మరుసటి ఏడే ప్రభుత్వ సంస్థ ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్ డబ్బుతో సేన్ తీసిన ‘భువన్ షోమ్’ వచ్చింది. ప్రకటన ఉంది, డబ్బిచ్చే సంస్థ ఉంది కాబట్టి దాన్ని ఉద్యమం అంటే ఎవరూ కాదనరు. మన దగ్గరో? ‘ఒక ఊరి కథ’ తీసింది అదే సేన్, కథ ప్రేమ్‌చంద్‌ది. ‘మా భూమి’ దర్శకుడు గౌతమ్ ఘోష్ కూడా బెంగాలీయే, మూలం కిషన్ చందర్ ఉర్దూ నవల. అయితే నిర్మాతలు బి. నర్సింగరావు, రవీంద్రనాథ్ మనవాళ్లు, ‘బండెనక బండి కట్టి’ పాట ఈ మట్టిది. ఆ సినిమా కథ తెలంగాణ సాయుధ పోరాటానిది. అంటే ఉద్యమం ఉన్నమాట నిజమే, కాకపోతే అది ఆ పోరాటం చేసిన రైతులది. సినిమావాళ్లది కూడా అనాలంటే రుజువు మీరు చూపించాలి.

ఇక నియోరియలిజం. ఆ ధోరణికి పేరుమోసిన ఇటలీ సినిమా ‘బైసికిల్ థీవ్స్’ (1948) అప్పటి రోమ్ వీధుల్లో అప్పటి కథ. ‘దాసి’ అరవై ఏళ్లు వెనక్కి, గడీలోకి (దొర కోటలోకి) పోతుంది. దాన్ని తీసిన నర్సింగరావు చిత్రకారుడు, కళాదర్శకుడు వైకుంఠం కూడా చిత్రకారుడే, కెమెరా ఎ.కె. బీర్. ప్రతి ఫ్రేమూ కూర్చి పెట్టినదే. ఆడబాప (దొర ఇంటి దాసి) కమలాక్షి మాట్లాడేది తక్కువ, నీళ్లు మోస్తూ ఊడుస్తూ ఉండేది ఎక్కువ. మేం వేసినప్పుడు అరగంటకే సగం హాలు ఖాళీ (ప్రిన్సిపాల్ గారితో సహా). హాలు ఊడ్చే అవ్వ మాత్రం తలుపు దగ్గర నిలబడి ఆఖరిదాకా చూసి, “మా అమ్మమ్మ గడిల పన్జేసింది సారూ, గిట్లనే తలొంచుకొని నడిచేది” అన్నది. కమలాక్షిగా వేసిన అర్చనకు జాతీయ అవార్డు ఎందుకొచ్చిందో నాకు ఆ పూట అర్థమైంది.

నా సలహా: ఉద్యమం గొడవ వదిలేసి నర్సింగరావు ఒక్కడినే పట్టుకోండి. ‘మట్టి మనుషులు’ (1990) కలుపుకోండి. ఆయన సినిమాల్లో పనిచేసే ఒళ్లు ఎలా కనిపిస్తుందో రాయండి.

జవాబు 3:
మరి ‘అంకుర్’ (1974)? దాని దర్శకుడు శ్యాం బెనెగల్ పుట్టింది ఇక్కడే, కథా ఇక్కడిదే!

జవాబు 2:
దక్కనీ (హైదరాబాద్ వైపు ఉర్దూ) యాసలో ఉందని తెలుగువాళ్లు వదిలేశారు, హిందీవాళ్లు తమ లెక్కలో వేసుకున్నారు. అదో అధ్యాయం అవుతుంది, కానీ ఈమె గడువు చూడండి.

ప్రశ్న అడిగినవారు:
రెండు వారాలే ఉంది సార్! ‘ఉద్యమం’ కొట్టేశాను. అంకుర్‌ని ఫుట్‌నోట్‌లో పెడతాను. నా దగ్గరున్న ‘దాసి’ కాపీలో రాత్రి సీన్లన్నీ నల్లగా ముద్దకట్టి ఉన్నాయి, బీర్ ఫ్రేముల గురించి ఏం రాయను? మంచి ప్రింట్ ఎవరి దగ్గరైనా ఉందా?