చెస్ ఇంగ్లిష్ ఓపెనింగ్‌లో (తెల్లపావులు సి4తో మొదలుపెట్టే ఆట) డి4 గుర్రాన్ని కొట్టొచ్చా?

వేలచేరి బంటు: చెన్నై రేటింగ్ టోర్నీ గేమ్, తెల్లపావులు నావి. 1. సి4 ఈ5, తర్వాత జి3కి డి5. బంట్లు మారాక నల్ల గుర్రం బి6కి వెళ్లింది. నా ఎ3, బి4కి ప్రత్యర్థి ఎ5 అన్నారు. బి5 తోస్తే రెండో గుర్రం డి4లో దిగింది. కొట్టేయొచ్చా?

జి2 బిషప్: వద్దండీ. ఈ5 బంటు డి4కి వచ్చి మీ సి3 గుర్రాన్ని తరుముతుంది. ‘ఈ’ ఫైల్ (ఈ1–ఈ8 నిలువు వరుస) తెరుచుకుని నల్ల ఏనుగు ఈ8కి వస్తే ఈ2 బంటుకి ఊపిరాడదు. ఎఫ్3 గుర్రాన్ని డి2కి లాగండి, మీ జి2 బిషప్ బి7ని చూస్తుంది. ఆపైన బంటుతో ఈ3.

ఏనుగు64: ఎ5 రాకముందే ఏనుగును బి1కి జరపాల్సింది. ఎ1లోనే ఉంటే, ఈ6లోని నల్ల బిషప్ అండతో డి4 గుర్రం బి3కి దూకి ఏనుగునీ సి1 బిషప్‌నీ కలిపి పట్టేస్తుంది. డి2 గుర్రం అక్కడ కాపలా కూడా.