‘సామర్థ్యం రెట్టింపు చేశాం’ అంటే ఏం పెంచినట్టు?

నిన్నటి నుంచి ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. మీ అందరి ముందూ పెడుతున్నాను.

మా సర్వర్‌కి ర్యామ్ పెంచాం. ఆ సంగతి వాడేవాళ్లకి తెలుగులో చెప్పే పని నాది. ‘సర్వర్ మెమరీ సామర్థ్యం రెట్టింపు చేశాం’ అని రాశాను. రెండు గంటలు తిరగకుండానే ప్రశ్న వచ్చింది: ‘రెట్టింపు అన్నారు కదా, రిపోర్టు రావడానికి ఎప్పటి టైమే పడుతోందేం?’

జరిగింది ఇదీ. మా సర్వర్‌లో ఇంటెల్ వాళ్ల నాలుగో తరం జియాన్ ప్రాసెసర్ ఉంది. దానికి ఎనిమిది మెమరీ చానెళ్లు, అంటే ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ మధ్య డేటా నడిచే దారులు; ఒక్కో చానెల్‌కి రెండు స్లాట్లు. ఇంతకుముందు చానెల్‌కి ఒకటి చొప్పున ఎనిమిది 64 జీబీ మాడ్యూళ్లు (ర్యామ్ పలకలు) ఉండేవి, అంటే 512 జీబీ. ఖాళీ స్లాట్లలో కూడా అలాంటివే పెట్టాం, 1 టీబీ అయింది. కానీ చానెల్‌కి ఒక్క మాడ్యూల్ ఉంటే సెకనుకి 4800 మిలియన్ బదిలీలతో నడిచే డీడీఆర్5 రకం ర్యామ్, రెండోది పెట్టగానే 4400కి దిగుతుంది. ఒకే దారి మీద ఇద్దరు కూర్చుంటే సిగ్నల్‌కి భారం ఎక్కువ, అందుకని. డీఎంఐడీకోడ్ (హార్డ్‌వేర్ వివరాలు చూపించే కమాండ్) నడిపి చూస్తే ‘స్పీడ్’ దగ్గర 4800 అని, ‘కాన్ఫిగర్డ్ మెమరీ స్పీడ్’ దగ్గర 4400 అని కనిపించింది. పట్టేది రెట్టింపైంది, పరుగు ఎనిమిది శాతం తగ్గింది. నా వాక్యం చదివినవాళ్లకి మాత్రం పరుగే రెట్టింపైనట్టు తోచింది.

తప్పు వాళ్లది కాదు. సమర్థుడి గుణం సామర్థ్యం. ‘ఆవిడ సామర్థ్యం నాకు తెలుసు’ అంటే పని బాగా చేస్తుందని. ‘ట్యాంకు సామర్థ్యం వెయ్యి లీటర్లు’ అంటే అంత పడుతుందని. ట్యాంకు దగ్గర చిక్కు రాదు, దాని పనే పట్టి ఉంచడం. మెమరీకి ఉంచుకోవడమూ పనే, అడగ్గానే ఇవ్వడమూ పనే. ఈ పదం రెండింటినీ కలిపేస్తోంది. మీరైతే ఏమంటారు?

జవాబు: ‘నిల్వ సామర్థ్యం’ అంటే సరిపోదాండీ?

రాసినవారు: నేనూ మొదట అదే అనుకున్నానండీ. కానీ నిల్వ అనగానే మనవాళ్లకి డిస్క్ గుర్తొస్తుంది. ఈ రెండూ కలిసిపోకూడదు. ర్యామ్ నుంచి డేటా అందడానికి వంద నానోసెకన్ల లెక్క, ఎన్‌వీఎంఈ అనే వేగమైన రకం డిస్క్ నుంచైనా పదుల మైక్రోసెకన్లు. వందల రెట్లు తేడా. మేం ఎనిమిది శాతం పోయినా ఫర్వాలేదనుకున్నది అందుకే. అందరూ ఒకేసారి వచ్చినప్పుడు ర్యామ్ చాలక సర్వర్ స్వాప్‌లోకి, అంటే డిస్క్‌నే ర్యామ్‌లా వాడుకోవడంలోకి జారేది, ఇప్పుడు అది ఆగింది. ఒక్కరు అడిగే రిపోర్టు మునుపూ ర్యామ్‌లో పట్టేది, ఇప్పుడూ పడుతోంది. దానికి మార్పు కనపడదు.

ఇంకో జవాబు: మీరే ‘పట్టేది’ అన్నారు. ‘మెమరీ పట్టు’ అనెయ్యండి, అచ్చ తెలుగు.

రాసినవారు: ‘పడుతుంది, పట్టదు’ అన్నప్పుడు ఎంత బాగుందో, నామవాచకం చేయగానే అంత దారి తప్పుతోంది. ‘సబ్జెక్టు మీద పట్టు’ అన్న అర్థం ముందుకొస్తుంది. ఇక్కడ క్రియనే వాడుకోవాలి. ‘ఇంత డేటా పడుతుంది’ అంటే తెలియనివాళ్లు లేరు. మనం ప్రతిదానికీ నామవాచకం కోసం వెతుకుతాం, తెలుగు బలమంతా క్రియలో ఉంది.

మరో జవాబు: ‘వేగం’ మాత్రం ఒక్కటేనా మాస్టారూ? సీఎల్ అంటే అడిగాక మొదటి డేటా రావడానికి పట్టే క్లాకుల లెక్క. పాత తరం డీడీఆర్4 3200, సీఎల్22 మాడ్యూల్‌కి ఆ 22 క్లాకులు 13.75 నానోసెకన్లు. డీడీఆర్5 4800, సీఎల్40కి సుమారు 16.7. అంకె పెద్దదైనా మొదటి ముక్క అందడం ఆలస్యమే. అన్నట్టు, ఆ 4800ని మెగాహెర్ట్జ్ అని రాయకండి. క్లాకు 2400 మెగాహెర్ట్జే, ఒక్కో క్లాకుకి రెండుసార్లు డేటా పంపుతుంది.

రాసినవారు: చాలా మంచి మాట చెప్పారు. మొదటి చుక్క ఆలస్యం, ధార మాత్రం లావు. బ్యాండ్‌విడ్త్‌కి ‘ధార’ అనాలని నాకు బలంగా అనిపిస్తోంది. 4800 దగ్గర చానెల్‌కి సెకనుకి 38.4 జీబీ ధార అంటే చెవికి ఇంపుగా ఉంది, అర్థమూ చెడలేదు. లేటెన్సీకి ‘జాప్యం’ అనడం నాకు నచ్చదు, అందులో ఎవరో కావాలని సాగదీశారన్న నింద ఉంటుంది. ‘అందే సమయం’ చాలు.

ఆ జవాబిచ్చినవారే: మరి 128 జీబీవి ఎనిమిదే పెడితే ధార తగ్గేది కాదుగా?

రాసినవారు: తగ్గేది కాదండీ. కానీ పాత ఎనిమిదీ తీసి పక్కన పడేయాలి, కొత్తవాటి ఖరీదు మా వల్ల కాలేదు. నోటీసు మార్చి ఇలా పెట్టాను: ‘సర్వర్ మెమరీని 512 జీబీ నుంచి 1 టీబీకి పెంచాం. ఇకపై ఎక్కువమంది ఒకేసారి వాడినా సర్వర్ నెమ్మదించదు. ఒక్కరే వాడుతున్నప్పుడు తేడా తెలియదు.’