ముందు సైటు మసకగా కనిపిస్తోంది, ఎయిర్ పిస్టల్‌కు ఏ పవర్ అద్దాలు వేయించుకోవాలి?

నమస్కారం. మాది విజయనగరం, నాకు 48 ఏళ్లు. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ సాధన చేస్తున్నాను. దూరపు చూపు బాగానే ఉంది, చదవడానికి ప్లస్ 1.50 అద్దాలు వాడతాను.

ఏడాదిగా ముందు సైటు (గురి చూడటానికి పిస్టల్ కొసన ఉండే చిన్న దిమ్మ) అంచులు కరిగిపోయినట్టు కనిపిస్తున్నాయి. వెనుక సైటు గాడిలో దానికి రెండు పక్కలా కనిపించాల్సిన సన్నటి వెలుగు గీతలు బూడిద రంగులో కలిసిపోతున్నాయి. లక్ష్యం మసకబారినా పరవాలేదు, సైటు మాత్రం స్పష్టంగా ఉండాలి. రెండు సైట్ల మధ్య దూరం అడుగుకు కాస్త ఎక్కువ. అక్కడ అర మిల్లీమీటరు తప్పితే లక్ష్యపు కార్డు మీద సుమారు 15 మిల్లీమీటర్లు తప్పుతుంది. పది పాయింట్ల వలయం వెడల్పేమో 11.5 మిల్లీమీటర్లే!

చదివే అద్దాలు పెట్టుకుంటే లక్ష్యం మీది నల్లటి వృత్తం మరీ పొగలా చెదిరిపోతోంది. గంటస్తంభం దగ్గర ఒక కళ్లద్దాల దుకాణంలో అడిగితే కంప్యూటర్ అద్దాలు తీసుకోమన్నారు. అవి దగ్గరి దూరానికి కదా? టేపుతో కొలిస్తే నా కంటి నుంచి ముందు సైటు 90 సెంటీమీటర్లుంది.

ప్లస్ 0.50 సరిపోతుందా, 0.75 కావాలా? పిస్టల్‌కు లెన్స్ బిగించడానికి నిబంధనలు ఒప్పుకోవు కాబట్టి కళ్లద్దాలకు అమర్చే ఐరిస్ (చూసే రంధ్రాన్ని చిన్నది, పెద్దది చేసుకునే పరికరం) గురించి ఆలోచిస్తున్నాను. సాయంత్రం వెలుతురు తగ్గినప్పుడు దానితో ఇబ్బంది ఉంటుందా? శ్రీకాకుళం, విశాఖ వైపు ఇలాంటివి వేయించుకున్నవారు ఉంటే దయచేసి మీ అనుభవం చెప్పండి.