ఈజీఎఫ్ఆర్ మ్యుటేషన్: ఖరీదైన ఒక్క మాత్రా, చవక మాత్రతో పాటు కీమోనా?

గోదారి గట్టు:
మా అత్తగారికి 61 ఏళ్లు, పొగ అలవాటు లేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్, నాలుగో స్టేజ్. బయాప్సీలో ఈజీఎఫ్ఆర్ ఎక్సాన్ 19 డిలీషన్ (క్యాన్సర్‌ను పెంచే ఒక జన్యు మార్పు) ఉందని తేలింది. డాక్టరు గారు రెండు దారులు చెప్పారు: ఆ మార్పు మీద పనిచేసే ఖరీదైన కొత్త మాత్ర ఓసిమెర్టినిబ్ రోజూ, లేదంటే చవకైన పాత మాత్ర జెఫిటినిబ్‌తో పాటు మూడు వారాలకోసారి కీమో. మొదటిదానికైతే పొలం అమ్మాలి. అంత అవసరమా?

ఓరుగల్లు శీను:
పొలం అమ్మొద్దన్నా. ముంబై టాటా మెమోరియల్ వాళ్లు 350 మంది మీద ట్రయల్ చేసి 2020లో ప్రచురించారు. జెఫిటినిబ్ ఒక్కటే ఇస్తే జబ్బు అదుపులో ఉన్న కాలం మీడియన్ (సగం మందికి అంతకు మించి) 8 నెలలు. పెమెట్రెక్సెడ్, కార్బోప్లాటిన్ అనే కీమో మందులు కలిపితే 16. ఓసిమెర్టినిబ్‌ను జెఫిటినిబ్ లాంటి పాత మాత్రలతో పోల్చిన ఫ్లోరా ట్రయల్‌లో దానికి 18.9. మూడు నెలల కోసం పొలమా?

ల్యాబ్ కోటు:
శీను గారూ, రెండు వేర్వేరు ట్రయల్స్ అంకెలు పక్కపక్కన పెట్టి తీసివేతలు చేయకూడదండీ. టాటా వాళ్లు పోల్చింది ఒంటరి జెఫిటినిబ్‌తో, ఓసిమెర్టినిబ్‌తో కాదు. పైగా కీమో కలిపినవాళ్లలో 51 శాతం మందికి తీవ్రమైన సైడ్ ఎఫెక్ట్స్ వచ్చాయి. మాత్ర ఒక్కటే వేసుకున్నవాళ్లలో 25 శాతమే.

ఓరుగల్లు శీను:
సరే సార్, మరి ఫ్లోరాలో ఆయుష్షు సంగతి? మొత్తం మీద 38.6 నెలలు, పాత మాత్రలకు 31.8. ఆసియా వాళ్లను విడిగా తీస్తే ఆ తేడా దాదాపు మాయం. ఆ ముక్క ఎవరూ చెప్పరేం?

ల్యాబ్ కోటు:
చెప్తాను. అది ట్రయల్‌లో ఒక భాగం మాత్రమే, దాని మీద తీర్పు ఇవ్వలేం. "ముందు చవకది, అది ఆగాక ఖరీదైనది" అనుకోవడానికీ వీల్లేదు. జెఫిటినిబ్ పనిచేయడం మానేసినవాళ్లలో సుమారు సగం మందికే టి790ఎం అనే మరో జన్యు మార్పు వస్తుంది. రెండో విడతలో ఓసిమెర్టినిబ్ బాగా పనిచేసేది వాళ్లకే.

నెల్లూరు పద్మ:
లెక్కలు సరే, ఆవిడ ఒంటి సంగతి ఎవరైనా అడిగారా? మా నాన్నకు కీమో మార్గమే పట్టాం. బీ12 ఇంజెక్షన్లు, ఫోలిక్ యాసిడ్, ప్రతిసారీ రక్తపరీక్ష, ఆపైన బస్సు ప్రయాణం. ఆయన తట్టుకున్నారు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు పెమెట్రెక్సెడ్ ఇవ్వరు. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంత? క్యాన్సర్ అక్కడికీ పాకిందేమో చూడ్డానికి మెదడు ఎమ్మారై తీశారా? ఇక ధర అంటారా, 2024లో ఓసిమెర్టినిబ్ మీద కస్టమ్స్ సుంకం ఎత్తేశారు, జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దించారు. అయినా మనలాంటి ఇళ్లకు భారమే. కంపెనీ సాయం పథకం ఏమైనా ఉందేమో డాక్టరునే అడగండి బాబూ.

గోదారి గట్టు:
క్రియాటినిన్ నార్మల్ అండీ. ఎమ్మారై రిపోర్ట్ ఇందాకే వచ్చింది, మెదడులో రెండు చిన్న మచ్చలున్నాయట.

ఓరుగల్లు శీను:
అట్లయితే నేనూ ఓసిమెర్టినిబ్ వైపే అన్నా. మెదడులోకి అది పాత మాత్రల కంటే బాగా పోతుంది. మచ్చలు లేనివాళ్ల విషయంలో మాత్రం నా మాట మారదు, ల్యాబ్ కోటు సార్.