షవువోత్ బ్లింట్సులు: అట్టు చిరుగుతోంది, పనీర్ నీరు కారుతోంది

మారేడుపల్లి_వంటిల్లు:
మే 21 సాయంత్రం యూదు అతిథులు భోజనానికి వస్తున్నారు. షవువోత్ అనే వాళ్ల పండక్కి పాల వంటకాలు తింటారు కదా అని బ్లింట్సులు, అంటే పనీర్ కూరి చుట్టి వేయించే పల్చటి అట్లు, అనుకున్నాను. కప్పు మైదా, రెండు గుడ్లు, కప్పు పాలు కలిపి ఇనప దోశ పెనం మీద గరిటెతో తిప్పాను. మధ్యలో మందం, అంచుల్లో చిల్లులు. మడతపెట్టగానే చిరిగింది, వేయిస్తుంటే లోపలి పనీర్ నీళ్లు వదిలింది. తప్పు ఎక్కడ? గుడ్డు మానేయొచ్చా?

పల్చటి_అట్టు:
ముందు గరిటె పక్కన పెట్టండి. దోశపిండి తిప్పితే సాగుతుంది, ఇది సాగదు. గరిటె తగిలిన చోటల్లా తెగుతుంది.

మైదా 125 గ్రా., గుడ్లు 3, పాలు 300 మి.లీ., కరిగించిన వెన్న 30 గ్రా., చిటికెడు ఉప్పు. మిక్సీలో తిప్పి, వడకట్టి, ఫ్రిజ్‌లో గంట ఉంచండి. నురుగు అణగకుండా పోస్తే చిల్లులు ఖాయం. పిండి గరిటె వెనక పల్చగా పట్టేంత జారుగా ఉండాలి, చిక్కబడితే రెండు చెంచాల పాలు పోయండి.

20 సెం.మీ. నాన్‌స్టిక్ ప్యాన్, మధ్యస్థ మంట. 45 మి.లీ. పోయండి, అంటే ఇరానీ చాయ్ కప్పులో సగానికి కాస్త తక్కువ. పోస్తూనే ప్యాన్ ఎత్తి చుట్టూ వంచండి. ప్యాన్ మరీ కాలితే పిండి పాకకముందే పట్టేస్తుంది, మీ మధ్య మందం అందుకే. పైన మెరుపు పోయి అంచు లేవగానే, ముప్పావు నిమిషంలో, గుడ్డ మీదకి బోర్లించండి. రెండో వైపు కాల్చకూడదు. రెండు వైపులా కాలితే పెళుసెక్కి మడత దగ్గర విరుగుతుంది. పన్నెండు వస్తాయి.

గుడ్డు మానేస్తే అట్టు వస్తుంది కానీ ఈ మెత్తదనం, పట్టు రావు. నా మాట విని గుడ్డు మానకండి.

కట్టుపెరుగు:
నీరు సంగతి. తూర్పు యూరప్ యూదులు దీనికి వాడేది పొడిగా ఉండే తాజా చీజ్. ఇక్కడ దానికి దగ్గరగా వచ్చేది పనీర్ 300 గ్రా., గుడ్డలో రాత్రంతా ఫ్రిజ్‌లో వేలాడదీసిన పెరుగు 100 గ్రా. పనీర్ ఇంట్లో చేస్తే లీటరున్నర ఫుల్‌క్రీమ్ పాలు పడతాయి. బరువు పెట్టి నొక్కకండి, రబ్బరులా అవుతుంది, గంట వేలాడితే చాలు. అరచేతిలో పిండితే చుక్క కారకూడదు. దుకాణం దిమ్మ అయితే తురిమి పెరుగుతో మిక్సీ పట్టండి. అందులో గుడ్డు పచ్చసొన ఒకటి, నిమ్మతొక్క తురుము, చివర్లో 3 చెంచాల చక్కెర. చక్కెర ముందే కలిపి పెట్టేస్తే నీళ్లూరుతుంది, చాలామంది చేసే పొరపాటు ఇదే.

అట్టు కాలిన ముఖం పైకి పెట్టి, దాని మీద పనీర్ మిశ్రమం రెండు చెంచాలు ఉంచండి. కింది అంచు, రెండు పక్కలు మడిచి చుట్టేయండి. తెల్ల ముఖం బయటికి రావాలి, ప్యాన్‌లో ఎర్రబడేది అదే. వెన్నలో కాస్త నూనె కలిపి, అతుకు కిందికి పెట్టి, ఒక్కో వైపు రెండు నిమిషాలు. మే ఎండల్లో కూరిన చుట్టలు బయట వదలకండి.

నెహెమ్యా_వంట:
కోషర్, అంటే యూదుల ఆహార నియమాల సంగతి ఎవరూ ఎత్తలేదు. మాంసం, పాలు కలపరు కాబట్టి చికెన్ వండిన ప్యాన్ ఎంత తోమినా పనికిరాదు, కొత్తది తీయండి. ఆ పూట బల్ల మీద మటన్ బిర్యానీ ఉండకూడదు. గుడ్లు విడిగా గిన్నెలో కొట్టి చూడండి, రక్తపు చుక్క ఉంటే పారేయాలి. పనీర్‌కి పాలని నిమ్మరసంతో విరిస్తే రెన్నెట్ (పాలు గడ్డకట్టడానికి వాడే, జంతువుల కడుపు నుంచి తీసే పదార్థం) సమస్య రాదు. స్టవ్ యూదులే వెలిగించాలన్న నియమమూ, యూదుల పర్యవేక్షణ లేకుండా పితికిన పాలు తాగకపోవడమూ కొందరికి ఉంటాయి. ముందే అడిగేయండి.

అన్నట్టు గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో యూదు ఆచారాలు పాటించే తెలుగువాళ్లు, బెనె ఎఫ్రాయిమ్, ఉన్నారు. బ్లింట్స్ మాత్రం అష్కెనాజీ, అంటే మధ్య, తూర్పు యూరప్ యూదుల వంటకం, యూదులందరిదీ కాదు.

మారేడుపల్లి_వంటిల్లు:
ముందురోజే చేసి పెట్టుకోవచ్చా?

కట్టుపెరుగు:
కూరి, వేయించకుండా, ఒకదానికొకటి తగలకుండా పళ్లెంలో పేర్చి ఫ్రీజర్‌లో పెట్టండి. గట్టిపడ్డాక డబ్బాలోకి మార్చుకోవచ్చు. వేయించేముందు కరగనివ్వకండి, కరిగితే మళ్లీ నీళ్లే. ఫ్రీజర్‌లోంచి నేరుగా సిమ్ మీద, మూతపెట్టి, ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు. చివరి నిమిషంలో మూత తీసేయండి, లేకపోతే పైన మెత్తబడిపోతాయి.